డ్యూ దాటిన పియానో

1993. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పెళ్ళిళ్ళకు వీడియో తీయడం నా వృత్తి. ఒక శుక్రవారం రైల్వే ఇన్‌స్టిట్యూట్, అంటే ఉద్యోగుల క్లబ్బు, సెక్రటరీ గారు పిలిచి, హాల్లో ఉన్న పాత పియానో చరిత్రను ఫిల్మ్ తీయమన్నారు. సోమవారం కమిటీ వచ్చి దాన్ని కండెమ్ చేస్తుంది, అంటే పనికిరాదని రాసి తుక్కుకి పంపేస్తుంది. ఈలోగా గుర్తుగా ఒక క్యాసెట్ ఉండాలట. ఎగిరి గంతేశాను. తల దువ్వుకోవడానికి టైమడగని మనిషి, మనిషి కాకపోయినా సరే, నా కెమెరా ముందుకు రావడం అదే మొదటిసారి.

చరిత్ర కోసం కాలనీ అంతా తిరిగాను. అందరూ ఎవరో దొరసాని గురించి చెప్పారు. ఆమెను చూసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. చివరికి శనివారం పొద్దున సింహాచలం తాతను పట్టుకొచ్చాను. రైలు పెట్టెలు బాగుచేసే క్యారేజ్ షెడ్‌లో ఫిట్టర్‌గా రిటైరయ్యాడు. ఆ పియానోను బాగుచేస్తూ వచ్చింది ఆయనే, అంతకుముందు వాళ్ళ నాన్న.

"తాతా, దీని కథ చెప్పు" అన్నాను కెమెరా ఆన్ చేసి.

"కథేటి? రికార్డే ఉంటే" అని పియానో కింది పలక ఊడదీశాడు.

లోపల తెల్లరంగుతో వరసగా తేదీలు! రైలు పెట్టె చివర పీఓహెచ్ అని ఉంటుంది చూడండి, పీరియాడికల్ ఓవర్‌హాల్, అంటే పెట్టెను పూర్తిగా విప్పి బాగుచేసిన నెల. పక్కనే మళ్ళీ ఎప్పుడు చేయాలో ఆ నెల, డ్యూ. ఇక్కడా అంతే, 1938 నుంచి. పై వరసలు వాళ్ళ నాన్న చేతిరాత, కిందివి తాతవి. ఆనందంతో కెమెరా వణికిపోయింది. స్టాండ్ బిగించడం మరిచిపోయాననుకోండి, అది వేరే సంగతి.

ఆఖరి వరస చూసి తాత మొహం మాడ్చుకున్నాడు. "ఆపు. డ్యూ దాటి ఎనిమిదేళ్ళయిపోనాది. అలాటి బండిని లైన్ మీదికి తెస్తావేటిరా?"

"ఎల్లుండి కండెమ్ చేసేస్తారు తాతా!"

"అచ్ఛా. సేసుకోమను. రిటైరయ్యాక నన్నెవడూ పిలవనేదు. గానీ రిపేరు లేక సచ్చిందన్న మాట నా మీద పడకూడదు."

ఆ రెండు రోజులూ నేను తీస్తూనే ఉన్నాను. ముందు ఎలుకల చేత క్వార్టర్ ఖాళీ చేయించాడు. తీగలను కొట్టే చిన్న సుత్తులకు అరిగిపోయిన ఫెల్ట్ పీకి, పాత ఉన్ని కంబళి ముక్కలు అతికించాడు. చెక్కకు చెవి ఆనించి ఒక్కో తీగా బిగించాడు. ఆదివారం సాయంత్రం ఈ చివర నుంచి ఆ చివరదాకా మెట్లు నొక్కుకుంటూ పోయాడు. అన్నీ పలికాయి, ఒక్కటి తప్ప.

"అది మా నాన్న మాటే ఇన్లేదు. మొండిది" అన్నాడు.

సోమవారం పొద్దున్నే వచ్చి, రంగు డబ్బా తీసి ఆ నెల రాశాడు. పక్కన డ్యూ, రెండేళ్ళ తర్వాతి నెల.

కమిటీ నా క్యాసెట్ అంతా టీవీలో చూసింది. పెద్ద ఆఫీసరు లేచి, పియానో దగ్గర వంగి ఆ అంకెలను ముట్టుకున్నారు. రంగు వేలికంటింది.

"డ్యూ ఇంకా రెండేళ్ళుంది. ఇప్పుడెలా కండెమ్ చేస్తాం?" అని ఫైలు మూసేశారు.

హాలు అదిరేలా అరిచాను. తాత కుంచె తుడుచుకుంటూ, "అరవకురా, రంగారనేదు" అన్నాడు.

పాత వస్తువు చరిత్ర కావాలంటే ముందు కింది పలక విప్పి చూడాలని అప్పుడే నేర్చుకున్నాను. దొరసానుల సంగతి తర్వాత. తాత ఆ రోజు నా కెమెరా అడుగున కూడా ఒక డ్యూ రాశాడు. అది దాటి ఏడాదయింది. ఆయనకు చెప్పకండి.