లిండ్సే తోటకు వెళ్లిన హెడ్మాస్టరు

నోలీన్ పార్స్లో మా హ్యూవాన్ లోయలో ముప్పై రెండేళ్లు బడి బస్సు నడిపింది. ఇక్కడ నలభై దాటిన వాళ్లలో ఆమె చేత చీవాట్లు తినని వాళ్లు లేరు. రిటైరయ్యాక ఆ పెత్తనమంతా ఎవరి మీద చెలాయించాలో తోచక కాబోలు, పెద్దబాతుల్ని పెంచడం మొదలుపెట్టింది. నాలుగు ఆడవి, ఒక మగది. మగదాని పేరు హెడ్మాస్టరు. మెడ నిక్కించుకుని, ఎవరూ పిలవకుండానే పెరడంతా తనిఖీ చేసే దాని నడక చూస్తే ఆ పేరు ఎందుకు పెట్టిందో అడగనక్కర్లేదు.

ఆ దారిలో ఉత్తరాలు పంచేది నేనే. దాచుకోవడమెందుకు, నాకా బాతులంటే ఒళ్లుమంట. వాటి అరుపులకి చెవులూ, వాటి రెట్టలకి బూట్లూ పాడయ్యేవి.

నిరుడు నోలీన్‌కు తుంటి నొప్పి ముదిరింది. గుట్ట మీది ఇల్లు అమ్మేసి, పట్నంలో చెల్లెలు యూనా పక్కవాటా తీసుకుంది. రోజూ పేకాట ఆడుకోవచ్చని సంబరపడింది కూడా. చిక్కల్లా బాతులతోనే. అక్కడ కోడిపిల్లను కూడా పెంచనివ్వరు. ఇల్లు కొన్నవాళ్లకేమో రెండు వేటకుక్కలున్నాయి.

అప్పుడే లిండ్సే క్రోథర్స్ వచ్చాడు. రెండు కిలోమీటర్ల అవతల అతనికి ఆపిల్ తోట ఉంది. ఏటవాలులో గడ్డి కోసే బండి తిరగబడి మోకాలు దెబ్బతింది. చెట్ల కింద గడ్డి బాతులు మేస్తాయని ఎవరో చెప్పారట. నోలీన్ అతన్ని కూర్చోబెట్టి గంటసేపు ప్రశ్నలేసింది. షెడ్డు ఎలాంటిది, నీళ్లెక్కడ, రాత్రి బాతుల్ని చంపి తినే డెవిల్ అనే అడవి జంతువులు దూరకుండా తలుపు ఎవరు వేస్తారు. డబ్బు వద్దంది. వాటిని కోసుకు తినకూడదని మాత్రం మాట తీసుకుంది.

"నేను తినను. కానీ అవి నా దగ్గర నిలవాలిగా. నిలవకపోతే క్రిస్మస్‌కి కావాలని హోటలువాడు అడుగుతున్నాడు, ఇచ్చేస్తా. ముందే చెబుతున్నా" అన్నాడు లిండ్సే.

మూడు వారాలు షెడ్డు దాటనివ్వొద్దని ఆమె చెప్పింది. రోజూ సాయంత్రం ఒకే వేళకు గోధుమల బకెట్టు గలగలలాడించమంది. మొదటిసారి వదిలేది కూడా మేత వేళకు గంట ముందే, ఆకలి మీద ఉండగానే వదలమంది. చిన్నప్పుడు బస్సులో ఊపినట్టే లిండ్సే అన్నింటికీ తలూపాడు. నాలుగో రోజు పొద్దున్నే, అరుపులు వినలేకో జాలిపడో, తలుపు బార్లా తీశాడు.

మధ్యాహ్నానికి అయిదూ వరసగా, నోలీన్ ఇంకా ఖాళీ చేయని గుట్ట మీది ఇంటి గేటు ముందుకొచ్చాయి. రోడ్డు మధ్యన నడిచొచ్చాయి. వాటి వెనకాల దుంగల లారీ ఒకటి నత్తలా వచ్చింది. నోలీన్ లిండ్సేను నానా మాటలూ అంది గాని, ఆమె మొహం వెలిగిపోతూనే ఉంది. గోరువెచ్చని నీళ్లలో రొట్టె నానబెట్టి పెట్టింది. పది రోజుల తర్వాత కంచె కింద దూరి మళ్లీ వచ్చాయి. మళ్లీ రొట్టె. ఈసారి తీసుకెళుతూ లిండ్సే, ఇంకోసారి వస్తే హోటలుకేనని తేల్చేశాడు.

నేను ఊరుకోలేకపోయాను. "రొట్టె పెడుతుంటే రాకేం చేస్తాయి?" అన్నాను.

"నాకు తెలీదనుకున్నావా? ముప్పై రెండేళ్లు పిల్లల్ని ఇళ్ల దగ్గర దింపాను. ఒక్కడూ మళ్లీ బస్సెక్కుతానని ఏడవలేదు. ఇవి ఏడుస్తున్నాయి" అంది.

ఆమె ఇల్లు ఖాళీ చేసే వారంలో నేనొక పార్సిల్ తీసుకెళ్లాను. టీ పోస్తుండగా రోడ్డు మీద నుంచి ఆ అరుపులు వినబడ్డాయి. నోలీన్ నన్ను తలుపు గడియ వేయమంది. రొట్టె డబ్బా తనకందకుండా అలమర పైన పెట్టమంది. తర్వాత లిండ్సేకి ఫోన్ చేసింది.

"ఈ ఒక్కసారీ లెక్కలో వేయకురా. బండి తేకు. బకెట్టు పట్టుకుని నడిచిరా. ఎత్తుకుపోతే అవి నీవి కావు, నీ వెనక రావాలి."

ఆ మోకాలితో రావడానికి అతనికి గంట పైనే పట్టింది. అంతసేపూ అవి వంటింటి కిటికీ కింద నిలబడి పిలుస్తూనే ఉన్నాయి. నోలీన్ బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. పలకలేదు, దగ్గలేదు, కుర్చీ చప్పుడైనా కానివ్వలేదు. నాకైతే ఏడుపొచ్చింది, ఆ బాతులంటే గిట్టని నాకు.

లిండ్సే కుంటుకుంటూ వచ్చి గేటు దగ్గర బకెట్టు ఊపాడు. అవి చూడలేదు. మళ్లీ ఊపాడు. చాలాసేపటికి ఒక ఆడది అటు కదిలింది, తర్వాత మిగతా మూడు. హెడ్మాస్టరు మాత్రం తలుపును ముక్కుతో రెండుసార్లు పొడిచి, కాసేపు ఆగి, రెక్కలు చాపుకుని వాటి వెనక పరిగెత్తింది. నోలీన్ చల్లారిన టీ తాగేసింది.

సెప్టెంబరులో లిండ్సే నుంచి కబురొచ్చింది. ఆడబాతుల్లో బూడిదరంగుది ఆపిల్ చెట్టు కింద ఏడు గుడ్ల మీద పొదుగుతోందట. నోలీన్‌ను నేనే బండిలో తీసుకెళ్లాను. ఆమె గేటు తీసి, పాత రోజుల్లో పిలిచినట్టే పిలిచింది. హెడ్మాస్టరు మెడ నేలబారుగా చాచి, బుసకొడుతూ దూసుకొచ్చి ఆమె కోటు అంచు పట్టుకుంది. మరచిపోయిందో, గుర్తుండే రానివ్వలేదో నాకు తెలియదు. ఆమె వెనక్కి వెనక్కి నడిచి గేటు బయటికి వచ్చేసింది. లిండ్సే దాన్ని తిడుతూ కుంటుకుంటూ వచ్చాడు.

"తిట్టకురా, గూడు కాచుకుంటోంది" అంది నోలీన్.

గుడ్లు చూడకుండానే బయల్దేరాం. దారిలో కాసేపు ఏడ్చింది. వంతెన దాటాక ముక్కు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"నన్నే రానివ్వలేదు, చూశావా. ఇక అది వాటి ఇల్లే."