బసవమ్మ సగం చదువులు

ఎవరి చేతిలోనైనా తనకు రాని పని కనపడితే బసవమ్మ నేర్చుకోకుండా వదిలిపెట్టేది కాదు. మొదలుపెట్టింది పూర్తి చేసేదీ కాదు. అరవై దాటాక పట్టుకున్న ఈ జబ్బుకు జగ్గయ్యపేటలో మందు లేదని ఆవిడ భర్త దశరథరామయ్య ఎప్పుడో తేల్చుకున్నాడు.

ఆయన పంచె మడత నలగకుండా నడిచే మనిషి. ఒకనాడు మిరప కల్లం నుంచి ఇంటికి వస్తుంటే బజార్లో జనం రెండు పక్కలకూ ఒదిగి దారి ఇస్తున్నారు. తన పెద్దరికానికే అనుకుని మీసం సవరించుకున్నాడు. తీరా వెనక్కి చూస్తే బసవమ్మ సైకిలు మీద వస్తోంది. సైకిలు షాపు స్తెఫను సీటు పట్టుకుని రొప్పుతూ పరిగెత్తుతున్నాడు.

"తప్పుకోండీ! నాకింకా బ్రేకు నేర్పలా!" అని కేకేసింది.

ఆయన తప్పుకున్నాడు. ఎదురొచ్చిన గడ్డిబండి తప్పుకోలేదు.

"ముందు బ్రేకు నేర్పాలని తెలీదంట్రా?" అని ఆయన స్తెఫను మీద విరుచుకుపడ్డాడు.

"నేనదే అన్నానండి. ఆగడం సంగతి తర్వాత, ముందు కదలనివ్వమన్నారండి అమ్మగారు."

బసవమ్మ గడ్డిలోంచి లేచి కొప్పు దులుపుకుని మళ్ళీ ఎక్కింది. బ్రేకు వచ్చింది. తిన్నగా పోవడమూ వచ్చింది. మలుపు తిరగడం వచ్చేలోపు మానేసింది. "అంటే మలుపులు లేని ఊరెళ్తావా?" అని ఆయన వెక్కిరిస్తే నవ్వి ఊరుకుంది.

తర్వాత హిందీ వచ్చింది. వరప్రసాదరావు అనే కుర్ర మాస్టారు పేటలో ఒక గది అద్దెకు తీసుకుని హిందీ చెబుతానని బోర్డు కట్టాడు. బసవమ్మ పలక పట్టుకుని ముందు బెంచీ మీద కూర్చుంది.

"ఏవండీ, హిందీలో మీసం స్త్రీలింగమట!" అంది ఒక సాయంత్రం, పప్పు వడ్డిస్తూ.

దశరథరామయ్య చెయ్యి మీసం దాకా వెళ్ళి మర్యాదగా వెనక్కి వచ్చింది. ఆ హిందీ కూడా వర్తమానకాలం దాటలేదు. భూతకాలం పాఠం మొదలయ్యే రోజున పలక కడిగి అటక మీద పెట్టేసింది.

ఈసారి కుట్టుపని. చర్చి వీధిలో దేవమణి అనే ఆవిడ, భర్త పోయాక, అరుగు మీద మిషను వేసుకుని ఆడవాళ్ళకు కుట్టు నేర్పుతానంది. బసవమ్మ మర్నాడే తయారు. మొదటి ఫలంగా మొగుడికి జుబ్బా కుట్టింది. కుడి చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. ఎడమ చెయ్యి వేళ్ళు దాటి వేలాడింది. దాన్ని తొడుక్కుని ఆయన నందిగామ తాలూకా ఆఫీసుకు వెళ్ళాడు, తొడుక్కోకపోతే కన్నీళ్ళు పెట్టుకుంటుందేమోనని. గుమాస్తా తలెత్తి, "చెయ్యికేమైందండీ?" అని జాలిగా అడిగాడు.

ఇవాళ్టితో ఈ చదువులకు మంగళం పాడాలని నిశ్చయించుకుని తిరుగు బస్సెక్కాడు. పక్క సీట్లో వరప్రసాదరావు.

"అమ్మగారు కులాసానాండి?"

"ఏం కులాసాలెండి. మీ హిందీ కూడా మధ్యలో ఎగ్గొట్టిందిగా!"

మాస్టారు తెల్లబోయాడు. "ఎగ్గొట్టడమేంటండీ? నా దగ్గర ఒక్కరూ చేరక పెట్టె సర్దుకుంటుంటే ఆవిడొచ్చి కూర్చుంది. ఆవిడ తప్పులు విని నవ్వుకోడానికి జనం కిటికీ దగ్గర చేరారు. ఈ వయసులో ఆవిడకి లేని సిగ్గు మనకెందుకని లోపలికొచ్చారు. బెంచీలు నిండగానే, 'నా చోటు ఇంకొకళ్ళకివ్వు నాయనా' అని లేచి వెళ్ళింది."

దశరథరామయ్యకు స్తెఫను షాపు గుర్తొచ్చింది. ఒకప్పుడు అక్కడ ఈగలు తోలుకునేవాడు. ఇప్పుడు అద్దె సైకిలు కోసం నిలబడాల్సి వస్తోంది.

బస్సు దిగి తిన్నగా చర్చి వీధికి నడిచాడు. అరుగు మీద నేర్చుకునేవాళ్ళలో బసవమ్మ ఒక్కతే ఉంది. దేవమణి మిషను మీద గుడ్డ కప్పుతోంది.

"ఇంకెవరూ రారమ్మగారూ. చందర్లపాడు మా అన్న దగ్గరికి పోతా. ఏదో కూలికెళ్తే గడిచిపోద్ది."

బసవమ్మ ఎత్తు ఇక్కడ పారలేదు. చర్చి వీధి గడప తొక్కడానికి పై వీధుల ఆడవాళ్ళను మగవాళ్ళు పంపడం లేదు.

"నీకు తెలిసే ఇదంతా చేస్తున్నావా?" అని ఆయన అడిగాడు.

"అయ్యో, నాకూ సరదానేనండి! రానిదేదో ఒకటి ఉంటేనే పొద్దున్నే లేవాలనిపిస్తది. ఊరికే కూర్చుంటే మోకాళ్ళ నొప్పులు తప్ప ఏం గుర్తొస్తాయి?"

దశరథరామయ్య చెప్పులు విడిచి అరుగెక్కాడు. వీధికి ఎదురుగా కూర్చున్నాడు.

"దేవమణమ్మా, కాసిని మంచినీళ్ళియ్యి. తర్వాత గుండీ కుట్టడం నేర్పు."

దేవమణి నిలబడిపోయింది. "మా ఇంట్లో నీళ్ళాండి?"

"దాహమేస్తోందమ్మా."

ఆయన తాపీగా, పోయేవాళ్ళందరికీ కనపడేలా తాగాడు. ఆ దారినే పోతున్న పై వీధి కృష్ణయ్య నోరు తెరిచాడు.

"ఏంటి బావా, ఇక్కడ కూర్చున్నావ్?"

"గుండీ కుడుతున్నా, కనపడట్లా? రా, పక్కన చోటుంది. నువ్వూ నేర్చుకుందువుగాని."

కృష్ణయ్య పరుగులాంటి నడకతో ఇల్లు చేరుకున్నాడు. మర్నాడు కోడల్ని పంపాడు, తనను మళ్ళీ పిలవకుండా. ఆ మాట విని మిగతా పెద్దమనుషులు కూడా, అరుగు మీద సూది పట్టుకుని కూర్చోవడం కంటే ఇంట్లో ఆడవాళ్ళను పంపడమే గౌరవమని తీర్మానించుకున్నారు. కొద్ది రోజుల్లో అరుగు సరిపోక దేవమణి పందిరి వేయించింది.

బసవమ్మ తృప్తిగా ఒకసారి చుట్టూ చూసి లేచింది.

"పదండి, ఇంక మన చోటు వేరేవాళ్ళకి కావాలి."

దశరథరామయ్య కదల్లేదు. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. నాలుక చివర పళ్ళ మధ్య ఉంది.

"నువ్వు పో. నాకింకా గుండీకి కాజా కుదర్లా."

"ఏవండీ, ఆడపిల్లలు నిలబడున్నారు."

"దేవమణమ్మా!" అన్నాడాయన తలెత్తకుండా, "ఈ అమ్మగారిని కాస్త పక్కకి జరగమను తల్లీ. వెలుతురుకడ్డం!"