నాన్న ఓడిన వాదన

మా నాన్న భోపాల్‌పట్నంలో స్కూలు మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. పక్క ఊళ్లో మిర్చి పండించే దొర్ల తెగ రైతొకాయన ఆయనకు మితాన్. మా బస్తర్‌లో కొబ్బరికాయలు మార్చుకుని నేస్తం కట్టి మితాన్లయిన ఇద్దరు చచ్చేదాకా ఒకర్నొకరు పేరు పెట్టి పిలవకూడదు. నలభై ఏళ్లుగా వీళ్లూ పిలుచుకోలేదు. అసలు పేర్లు గుర్తున్నాయా అని అమ్మ ఆటపట్టించేది.

సంతరోజు టీ హోటల్లో కూర్చుంటే మాత్రం తగువే. వెనకటి జాతీయ నాయకుడొకాయనంటే ఇద్దరికీ ప్రాణం. ఆయన ఏ వాది అన్నదే పేచీ. నాన్న లెక్కలో ఆయన భజనలు, పురాణాలు విని పెరిగిన ఖాదీ మనిషి. మితాన్ లెక్కలో పరదేశపు పుస్తకాలు చదివిన పక్కా సమాజవాది. ఎవరికి వాళ్లు, తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

పోయిన ఏడాది ఓ సంతలో మితాన్ అడిగాడు: "భూమి దున్నెటోనిదే అన్నడా లేదా? మల్ల గది ఏంది?"

నాన్న మళ్లీ భజనల దగ్గరికే పోయాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనకు తిక్క రేగి, నువ్వు లోపలివాళ్ల మనిషివి, అందుకే ఇలా మాట్లాడతావని అందరికీ అర్థమయ్యేలా హిందీలో అరిచాడు.

లోపలివాళ్లంటే మా దగ్గర అడవిలో తుపాకీ పట్టినవాళ్లు. ఆ ఒక్క మాటకే మనుషుల్ని ఠాణాకు పిలిచిన రోజులు ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. నవ్వులు ఆగిపోయాయి. మితాన్ టీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే నాన్నను స్కూటీ మీద వాళ్లింటికి తీసుకెళ్లాను. మితాన్ మమ్మల్ని వాకిట్లోనే నిలబెట్టాడు.

"ఇంట్ల కొడుకులున్నరు, కోడండ్లున్నరు. అంగట్ల అంత మాటన్నవ్. ఈడికొచ్చి తప్పయిందంటే ఎట్ల పోతది?"

తిరిగొచ్చేటప్పుడు నాన్న నా వెనక కూర్చుని ఏడ్చాడు. ఆయన మీద నాకు ఒళ్లు మండిపోతోంది. అయినా బండి నెమ్మదిగానే నడిపాను.

తర్వాతి సంతకు నాన్న అదే హోటల్లో లేచి నిలబడ్డాడు. హిందీలో, తెలుగులో, చివరికి వచ్చీరాని దొర్లీలో చెప్పాడు. వాదనలో ఓడిపోయి, ఉక్రోషం కొద్దీ అబద్ధమాడానని, మితాన్‌ది ఏ తప్పూ లేదని, ఆ నాయకుడు సమాజవాదేనని. జన్మలో తప్పు ఒప్పుకోని మనిషి. వినడానికి మితాన్ అక్కడ లేడు.

ఆ పైవారం వచ్చాడు. నేరుగా నాన్న ఎదుటికొచ్చి నిలబడ్డాడు.

"ఓడిపోయిన్నని చెప్పినవంట. నేను లేకుంట ఎట్ల ఓడిపోతవ్, మితాన్? కూసో, మల్ల మొదలువెట్టు."