క్ష ఎక్కడుండాలి?

మొఘల్‌పురా దవాఖానాలో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే రామ్‌చందర్, మందులు పడని రోగుల జాబితాలో పేర్ల వరుస సరిచూసేటప్పుడు బొటనవేలితో గణుపులు లెక్కపెడుతూ అక్షరాలు వల్లిస్తాడు. ఓరోజు నర్సు శారదమ్మ జాబితా చివరంతా వెతికి, "తమ్మీ, క్షమాబాయి పేరే లేదు. సూది ఇచ్చెయ్యాల్నా?" అంది.

"ఆగక్కా!"

రామ్‌చందర్ వెతికితే క్షమాబాయి పేరు 'క'లో దొరికింది; కంప్యూటర్ 'క్ష'ను 'క' కింద 'ష' ఒత్తుగా లెక్కేసింది. పక్కనే, ఆ మందు ఆమెకు పడదని రాసి ఉంది. శారదమ్మ సూది పక్కన పెట్టేసింది.

"బళ్లె 'క్ష' ఆఖరుకే నేర్పిండ్రు గద, తమ్మీ!"

రామ్‌చందర్ అన్నం డబ్బా కూడా విప్పకుండా కూర్చుని, 'ళ' తర్వాతే 'క్ష' రావాలని వరుసకు కొత్త నియమం రాశాడు. సాయంత్రం శారదమ్మ వేలు జాబితా అడుగున క్షమాబాయి మీద ఆగింది.

"తప్పు నాదే గదా?"

"కాదక్కా. కంప్యూటరే బడికి పోలే. ఇయాల అక్షరాలు దిద్దించిన."