ఖాళీగా ఉంచిన పదిహేడో వరుస

నవంబరు పన్నెండు, బుధవారం. బట్టలు రెండు విడతలు, మినప్పప్పు నానబెట్టడం, ఇస్త్రీ బట్టలు తేవడం, నీళ్ళ ఫిల్టర్ మార్పించడం. ఆ రోజుకు డైరీలో రాసుకున్న ఆరు పనుల్లో ఈ నాలుగూ అయ్యేసరికి, మా బిల్డింగ్ కాపలా చూసే హారిస్ తలుపు తట్టి, పై అంతస్తు మాస్టారు ఆసుపత్రిలో పోయారని చెప్పాడు. అయిదోది కూడా చేసినట్టున్నాను, ఏమిటో గుర్తులేదు. ఆరోది మాత్రం ఎనిమిది నెలలుగా ఏ రోజుకారోజు మరుసటి పేజీలోకి మారుతూనే ఉంది: మాస్టారి ఉత్తరం.

కువైట్‌లో, మన ఫహాహీల్‌లో పిల్లల్ని లెక్కల ట్యూషన్‌కు పంపిన మీలో చాలామందికి ఆయన తెలుసు. ఇద్దరే వచ్చినా హాజరు పిలిచేవారు. ఆయన పట్టీలో పదిహేడో వరుస ఎప్పుడూ ఖాళీ. మా అమ్మాయిది పద్దెనిమిదో నంబరు. ఎందుకలా అని అది అడిగితే చెప్పారట. హైదరాబాదులో లెక్చరరుగా ఉన్నప్పుడు ఆ నంబరు పిల్ల టిఫిన్ బండి దగ్గర బాంబు పేలి చనిపోయింది. మర్నాడు అలవాటు కొద్దీ ఆయన ఆ నంబరు పిలిచేశారు. ఎవరూ పలకలేదు. ఆ తర్వాత ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వలేదు.

అమ్మాయి ఇప్పుడు కెనడాలో యూనివర్సిటీలో చదువుతోంది. మార్చిలో ఫోన్ చేసింది. ఇజ్రాయెల్‌లో ఉగ్రవాదుల చేతిలో చనిపోయినవాళ్ళ ఫొటోలు గోడకు అంటిస్తే ఎవరో చింపేశారట. తన గదిలో ఉండే యూదుల అమ్మాయిని తిడుతూ తలుపు మీద బూతులు రాశారట. ఆ పిల్ల మెడలో తమ మతం గుర్తున్న గొలుసును చొక్కాలోకి దాచుకుని తిరుగుతోందట. మాస్టారు అప్పుడు మా ఇంట్లోనే ఉన్నారు. ఆయన టీ చల్లారిపోయింది.

మర్నాడు వచ్చి, తన చెయ్యి వణుకుతుందని, నా చేత యూనివర్సిటీకి ఉత్తరం రాయించారు. ఏడాదికొక రోజు ఉగ్రవాదానికి బలైనవాళ్ళ పేర్లు, ఏ దేశంవాళ్ళవైనా, పైకి చదవాలి. యూదు పిల్లల ఫిర్యాదులూ అందరివాటిలాగే విచారించాలి. ఎక్కడో జరిగే యుద్ధానికి అక్కడ చదువుకునే పిల్లను సంజాయిషీ అడగకూడదు. కింద ఆయన సంతకం, పక్కన విద్యార్థిని తల్లిగా నాది పెట్టమన్నారు.

నేను పెట్టలేదు. మావారి ఇఖామా, అదే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్, రెన్యువల్‌లో ఉంది. ఇక్కడ కూర్చుని యూదుల మాట ఎత్తితే ఎవరికి ఎలా తోస్తుందో అని భయం. మనకెందుకా పక్షాలు అన్నారు మావారు. అదే మాస్టారికి చెప్పాను. గాజాలో పోతున్న పిల్లల మాటేమిటని కూడా అడిగాను.

"వాళ్ళ పేర్లు గూడ చదవాలె. ఎవరొద్దన్నరమ్మా?" అన్నారు. "దానికి ఈ పిల్ల తలుపు మీద రాస్తరా? పేర్లు చదువుడు పక్షం గాదు. హాజరు దీసుకునుడు."

ఇఖామా వచ్చింది. లిఫ్టులో రెండుసార్లు "అయిందా అమ్మా?" అన్నారు. పనులు తెమిలాక చేస్తానన్నాను. ఆ తర్వాత ఒకరోజు పప్పు తీసుకెళ్తే ఏమీ అడగలేదు. గిన్నె కడిగి, తుడిచి ఇచ్చారు. ఆ అడక్కపోవడమే నన్నిప్పుడు ఒకచోట కూర్చోనివ్వడం లేదు.

నిన్న వాళ్ళబ్బాయి వచ్చి మాస్టారి సామాను సర్దుతుంటే సాయం వెళ్ళాను. పట్టీ బల్ల మీద తెరిచే ఉంది. పదహారు పక్కన టిక్కు, పద్దెనిమిది పక్కన టిక్కు. మధ్యలో తెల్లగా ఒక వరుస.

కిందికి వచ్చి సొరుగులోంచి ఉత్తరం తీశాను. మావారు చూస్తూ నిలబడ్డారు. సంతకం సగంలో ఉండగా, "ఇంటిపేరు కూడా రాయి," అన్నారు.

జవాబు వస్తుందో రాదో తెలియదు. ఈ రోజు పేజీలో ఒకటే రాశాను: ఉత్తరం ఫొటో తీసి అమ్మాయికి పంపాను, రేపు యూనివర్సిటీ ఆఫీసులో ఇస్తుంది. మాస్టారి బాకీ తీరింది.