బ్రేక్ లైటు చూసేవాళ్లు

ఆనేకల్ దగ్గర బస్సు తప్పిపోయి, ఓ లారీ ఎక్కాను. కాస్త దూరంలోనే తనిఖీవాళ్లు ఆపారు. వియ్యంకుడు ఎదురైనట్టు డ్రైవరు నవ్వుతూ దిగి, అడగకముందే కాగితాలన్నీ ఇచ్చాడు. ఏదో దాస్తున్నాడని నేను మనసులో తీర్పు కూడా చెప్పేశాను.

ఇన్‌స్పెక్టరు లారీ వెనక నిలబడి బ్రేకు తొక్కమన్నాడు. డ్రైవరు ఎక్కి తొక్కాడు.

"సరిగ్గా ఉండాది, పోప్పా."

"ఎడంపక్కది ఇంకోసారి చూడండి సార్!"

"రెండూ వెలుగుతాండాయి. పోప్పా అంటే!"

బండి కదిలాక డ్రైవరు నాతో అన్నాడు. "ఒంటిగా తిరిగేవాణ్ణి. నేను తొక్కితే వెనకాల చూసి చెప్పేదానికి ఎవురుండారప్పా? వీళ్లు ఆపితేనే తెలిసేది."

బండి నిలిపేచోట వెనకాల ఓ అద్దం పెట్టుకోమని సలహా ఇవ్వబోయి మానుకున్నాను. వైట్‌ఫీల్డ్‌లో నా గదిలో నిలువెత్తు అద్దం ఉంది. అదీ ఏమీ చెప్పదు.

నా స్టాపులో దిగి, లారీ వెనక్కి నడిచి, "తొక్కన్నా!" అని అరిచాను.