చెరి సగం గుడారం

ఆ వీధిలో ఆయన్ని అందరూ జిప్పులాయన అంటారు. సంచుల జిప్పులు, తెగిన పట్టీలు, చిరిగిన గుడారాలు బాగుచేయడం ఆయన పని. ముందు గదిలో కుట్టుమిషను, వెనక గదిలో కాపురం, మధ్యలో ఒక తెర. నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు భార్య తీర్చేది. బేరాలు ఆవిడవే, చీవాట్లు ఆవిడవే, "రేపు రండి బాబూ" అని తిప్పి పంపడమూ ఆవిడదే. ఆవిడ ఏమన్నా ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ "సరే" అనేవాడు. మా కాపురం ఆ ఒక్క మాట మీదే నడుస్తోందని ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది.

ఆవిడ పోయింది చలికాలంలో. ఎండాకాలంలో పొరుగూరి నుంచి సంచి తెచ్చినాయన ఒకడు "అమ్మగారు కనబడరేం?" అన్నాడు. "చెల్లెలి ఇంటికి వెళ్ళింది" అని ఈయన నోరు జారాడు. తర్వాత అదే అలవాటైపోయింది. ఒకామె అయితే "చెల్లెలికి పురుడా?" అని అడిగింది. ఆయన అవునన్నట్టు తలూపాడు. ఆ చెల్లెలికి మనవలు కూడా ఉన్నారు. ఆవిడ బతికుంటే ఈ మాటకి కడుపు చెక్కలయ్యేలా నవ్వేదని తోచి, ఆ పూట మిషను తొక్కలేకపోయాడు.

బుద్ధున్నవాళ్ళు కొండల్లోకి ఎండల్లో వెళ్తారు. వీళ్ళిద్దరూ వానల్లో వెళ్ళేవాళ్ళు. ఎండాకాలమంతా ఊళ్ళోవాళ్ళ సంచులు కుట్టడానికే సరిపోయేది మరి. వానలు పడి బేరాలు తగ్గగానే దుకాణానికి తాళం వేసి, ఒకదానిపైన ఒకటిగా ఉండే మూడు సరస్సుల పక్కనుంచి ఎక్కి, శిఖరం దాటి, అవతలి లోయలో దిగేవాళ్ళు. వారం పట్టే నడక. మొదటి రాత్రి మకాం ఎప్పుడూ పై సరస్సు ఒడ్డున, ఒక పెద్ద బండ చాటున.

పెళ్ళైన కొత్తలో, మొదటిసారి వచ్చినప్పుడు, దారిలో ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. ఎందుకో తర్వాత ఇద్దరికీ గుర్తులేదు. ఆయన మూతి ముడుచుకుని, గుడారం మొత్తం తన వీపునే ఉండగా, విసవిసా ముందుకు వెళ్ళిపోయాడు. ఆవిడ వానలో తడుస్తూ చీకటిపడే వేళకి చేరింది. ఏడవలేదు, తిట్టలేదు. మర్నాడు పొద్దున్నే గుడారం విప్పి, గుడ్డ తన సంచిలో పెట్టుకుంది. కర్రలు, మేకులు ఆయన సంచిలో పడేసింది. స్టవ్వు ఆయనకి, గ్యాసు డబ్బా తనకి.

"ఇప్పుడు అలిగి ఎటు పోతావో పో, చూస్తాను" అంది.

"సరే" అన్నాడాయన.

అప్పటి నుంచీ అదే పద్ధతి. అప్పటి నుంచీ ప్రతి మలుపులోనూ ఆగి, వెనక్కి తిరిగి, ఆవిడ తల కనబడ్డాకే అడుగు వేయడం కూడా ఆయనకు అలవాటైంది.

ఆసుపత్రిలో, ఊపిరి అందని చివరి రోజుల్లో, ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. "దుకాణంలో మూల కూచుని కుమిలిపోకు. వానలు రాగానే వెళ్ళు. మన బండ దగ్గర ఒక్క రాత్రి పడుకుని రా. వెళ్తావుగా?"

"సరే."

ఆవిడకి ఇచ్చిన మాటల్లో ఇంకా చెల్లించాల్సింది అదొక్కటే మిగిలింది. అందుకే వానలు పడగానే సంచి సర్దుకుని బస్సెక్కాడు. కొండ కింది ఊళ్ళో రాత్రి గడిపి, తెల్లవారగానే నడక మొదలుపెట్టాడు.

ముసురు పట్టింది. మొదటి సరస్సు ఒడ్డున కొండెక్కేవాళ్ళ కోసం కట్టిన విడిది ఉంది. దాన్ని చూసుకునే పెద్దావిడని వీళ్ళు అక్కా అని పిలిచేవాళ్ళు. అక్క కిటికీలోంచి ఆయన్ని చూసి తలుపు తీసింది.

"ఏం తమ్ముడూ, ఈ ఏడు వానల్లాగే మీరూ ఆలస్యమే? మరదలేదీ?"

"వెనకాల వస్తోంది" అన్నాడు, ఆగకుండా.

"రానీ రానీ. టీ పెట్టి ఉంచుతా. నీకు లేదు, దానికే!"

ఆయన గబగబా మలుపు తిరిగేశాడు. అయినా, సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ అబద్ధం ఆయనకు హాయిగా ఉంది. తర్వాతి మలుపులో ఆగి వెనక్కి చూశాడు. వాన తప్ప ఏమీ లేదు. ఆ పై మలుపులోనూ ఆగాడు.

రెండో సరస్సు దగ్గరికి వచ్చేసరికి వాన పెద్దదైంది. దారి కాస్తా కాలువైంది. బూట్లలో నీళ్ళు చేరి అడుగడుక్కీ చప్పుడు చేస్తున్నాయి. మధ్యాహ్నం దాటాక పై సరస్సు చేరాడు. బండ అక్కడే ఉంది. నీళ్ళు, ఆకాశం ఒకే రంగులో ఉన్నాయి. సంచి దించి, చలికి కొంకర్లు పోయిన వేళ్ళతో విప్పాడు. కర్రలు తీశాడు. మేకులు తీశాడు. స్టవ్వు తీశాడు. చెయ్యి సంచి అడుగుకి తగిలింది.

గుడ్డ లేదు. గ్యాసూ లేదు.

ఊరందరి గుడారాలూ కుట్టే మనిషి, గుడారం లేకుండా కొండెక్కాడు. ప్రతి ఏడూ సర్దినట్టే తన వాటా సర్దుకున్నాడు. సంచి ఎప్పటిలాగే నిండింది, బరువు ఎప్పటిలాగే ఉంది. అనుమానం ఎక్కడ నుంచి వస్తుంది? గుడ్డ ఇంట్లో, ఆవిడ సంచిలో, పోయినేడు ఆవిడ మడిచిన మడతల్లోనే ఉంది.

ఏం చేయాలో తోచక కర్రలు ఒకదానిలో ఒకటి దూర్చి, వంచి, మేకులు దిగ్గొట్టి నిలబెట్టాడు. వాన వాటి మధ్య నుంచి నేరుగా నేల మీద పడుతోంది. ఆ వాన కిందే, ఆవిడ పడుకునే పక్కన కాస్త చోటు వదిలి, తన పక్కన కూచున్నాడు. పళ్ళు టకటకా కొట్టుకునేదాకా కూచున్నాడు. ఇక్కడే రాత్రి గడిపితే తెల్లారేసరికి బిగుసుకుపోవడం ఖాయం. అలా పోయినా బాగానే ఉండునని ఒక్క క్షణం అనిపించింది. కానీ ఆవిడ పడుకుని రమ్మంది. రమ్మంది కదా.

"నువ్వు పెట్టిన పద్ధతే ఇది. నేనేం చెయ్యను?" అని బండతో అన్నాడు. కర్రలు పీకి, సంచిలో పెట్టుకుని, మాట చెల్లించకుండానే కిందికి దిగాడు.

రెండో సరస్సు దాటాక పొగమంచులోంచి కేక వినబడింది.

"మరదలా! ఓ మరదలా!"

విడిది అక్క. ఒక చేతిలో గొడుగు, చంకలో ప్లాస్టిక్ కవరులో చుట్టిన దుప్పటి. మోకాళ్ళ నొప్పులతో వాకిలి దిగడానికే ఆపసోపాలు పడే మనిషి, ఆ జారుడులో అంత దూరం ఎక్కి వచ్చింది. ఆయన్ని చూడగానే మండిపడింది.

"ఏం మనిషివయ్యా నువ్వు! వెనకాల వస్తోందంటివి. పొద్దుట్నుంచీ కిటికీ వదల్లేదు నేను. పురుగు కూడా రాలేదు. ఎక్కడ కాలు జారి పడిందోనని నా ప్రాణాలు పోతున్నాయి. మళ్ళీ అలిగి దాన్ని వదిలేసి పోయావా?"

ఆయన నోరు తెరిచాడు. చెల్లెలి ఇల్లు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"నేను వదల్లేదక్కా" అన్నాడు. "అదే వదిలేసి పోయింది. చలికాలంలో. ఊపిరితిత్తులన్నారు. ఇంటికి తిరిగి రాలేదు."

అక్క చేతిలో గొడుగు పక్కకి ఒరిగింది. వాన ఇద్దరి మీదా పడింది.

"మరి నాతో అలా ఎందుకన్నావురా?"

"మనవాళ్ళలో అది ఇంకా బతికుందనుకునేదానివి నువ్వొక్కదానివే మిగిలావక్కా."

అక్క దుప్పటి విప్పి ఆయనకి కప్పబోయింది.

"వద్దు" అన్నాడు. "అది దానికని తెచ్చావు."

అప్పుడు వచ్చింది ఏడుపు. ఆసుపత్రిలో రానిది, దుకాణంలో రానిది. నడిదారిలో నిలబడి, సంచి వీపునే ఉండగా, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. అక్క గొడుగు ఆయన మీదకి వంచి, తాను తడుస్తూ, ఆ ఏడుపు ఆగేదాకా పట్టుకుంది. ఆ తర్వాత దుప్పటిని మళ్ళీ కవరులో చుట్టి చంకలో పెట్టుకుంది. ఇద్దరూ ఒకే గొడుగు కింద దిగసాగారు. సంచిలో కర్రలు చప్పుడు చేస్తున్నాయి.

మలుపు వచ్చింది. అక్క అడుగు ఆపి, తెలియకుండానే వెనక్కి తిరిగి చూసింది.

ఆయన ఆగలేదు.